స్థూలకాయ శస్త్రచికిత్స పిమ్మట రోగిపోషణము



మన దేశమున భోక్త చాలునని చేయి అడ్డుపెట్టిన తరువాతనే అసలు వడ్డన మొదలగును. “నా మాట మన్నించి ఇంకొక్క ముద్ద” అని కొసరి వడ్డింపనిదే పెట్టినవారికి తృప్తి కలుగదు. విస్తరిలో చేయి కడిగిన పిమ్మట సయితము పెరుగు గిన్నెతో వెంబడించు తల్లులు మన యిండ్లలో కలరు. ఇది ప్రేమకు గుఱుతు. దీనిని నేను తప్పుపట్టను. కాని నేడు నేను ప్రస్తావింపబోవు రోగి విషయమున ఆ యొక్క ముద్దయే నొప్పికిని, వాంతికిని, ఒక్కొక్కప్పుడు మఱల ఆసుపత్రికి పోవుటకును కారణము కాగలదు. ఆ రోగి యెవరనగా, స్థూలకాయము తగ్గుటకై జీర్ణకోశమునకు శస్త్రచికిత్స చేయించుకొని యిల్లు చేరినవాడు.

ఒక తరము క్రిందట ఈ చికిత్స మాట మన పల్లెలలో వినబడియుండలేదు. నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో ఇది జరుగుచున్నది. పల్లెలనుండియు పోయి చేయించుకొనువారు కలరు. శస్త్రవైద్యుని పని గంట రెండుగంటలలో ముగియును. రోగి కొలది దినములలో ఇల్లు చేరును. అంతటితో చికిత్స ముగిసినదని ఇంటివారు తలంతురు. ముగియుట కాదు, అది అప్పుడే మొదలగును. శస్త్రము కడుపును చిన్నది చేయును గాని, మనస్సును గాని, ఇంటి అలవాట్లను గాని, ఊరి మాటలను గాని మార్పజాలదు. ఆ భాగము ఇంటివారిది, పెద్దలదిని. ఈ సంగతి తెలియుట కొఱకే ఈ ప్రసంగము.

మొదట స్థూలకాయమును గుఱించి యొక మాట. లావుగా నున్నవాడు తిండిపోతనియు, సోమరియనియు మనము సులభముగా తీర్పు చెప్పుదుము. వైద్యశాస్త్రము అట్లు చెప్పుట లేదు. వంశగుణము, శరీరమునందలి కొన్ని స్రావములు, మందులు, నిద్రలేమి, దొరకు ఆహారము, చేయు పని, మనోవ్యథ మొదలగు పెక్కు కారణములు కలిసి ఈ వ్యాధిని కలిగించును. బరువు తగ్గింపబూనినపుడు శరీరమే ఆకలి హెచ్చించి ఎదురు తిరుగును. ఎన్నియో మాఱులు పథ్యములు చేసి, తగ్గి, మఱల పెరిగి, విసిగిన పిమ్మటనే పలువురు శస్త్రమునకు సిద్ధపడుదురు. ఇది తేలిక త్రోవ కాదు.

ఈ చికిత్స ఎవరికి తగునో నిర్ణయించుటకు వైద్యులకొక లెక్క కలదు. కిలోగ్రాములలోని బరువును, మీటర్లలోని ఎత్తుయొక్క వర్గముచే భాగింపగా వచ్చునది శరీర భార సూచిక. ఈ సూచిక 35 గాని అంతకు మించి గాని యున్నవారికి శస్త్రచికిత్స తగునని 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘములు నిర్ణయించినవి. ఆసియా జనులలో తక్కువ బరువునకే మధుమేహాది రోగములు కలుగుచుండుటచే, వారి విషయమున ఈ మేరను 27.5గా పెట్టిరి. అయిదడుగుల అయిదంగుళముల ఎత్తు గలవానికి 35 అనగా సుమారు 95 కిలోలు, 27.5 అనగా సుమారు 75 కిలోలు. లెక్కకు సరిపోయినంత మాత్రమున అందఱును చేయించుకొనవలెనని కాదు. ఆ నిర్ణయము రోగిని పరీక్షించిన వైద్యునిది, రోగిదియు.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు, కడుపులోని పుండ్లకై జీర్ణాశయమున కొంత భాగము తీసివేయబడిన స్త్రీలు పిమ్మట లావెక్కకుండుట గమనించెను. దానినిబట్టి 1966లో ఆయనయు, చికాషి ఇటో అను వైద్యుడును గ్యాస్ట్రిక్ బైపాస్ అను చికిత్సను ఆరంభించిరి. ఇందు జీర్ణాశయపు పైభాగమున సుమారు 30 మిల్లీలీటర్లు, అనగా రెండు పెద్ద చెంచాలు మాత్రము పట్టు చిన్న సంచిని ఏర్పఱచి, దానిని నేరుగా చిన్న ప్రేగులో దిగువభాగమునకు కలుపుదురు. నేడు విరివిగా జరుగు రెండవ పద్ధతికి స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అని పేరు. ఇందు జీర్ణాశయములో ముప్పాతికకు పైగా కోసి తీసివేసి, మిగిలినదానిని సన్నని గొట్టమువలె కుట్టుదురు. ఆకలి పుట్టించు ఘ్రెలిన్ అను స్రావమును 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అది ముఖ్యముగా ఊరుచోటు ఈ తీసివేయబడు భాగమే. కావుననే ఈ రోగికి కడుపు చిన్నదగుటయే కాక, ఆకలియు తగ్గును. “వానికి ఆకలి లేదట, ఏదో రోగము ముదిరినది” అని బెంగపడనక్కరలేదు.

దీనివలని మేలు నిజమైనది. స్వీడన్ దేశమున 1987లో మొదలిడి నాలుగువేలమందికి పైగా జనులను పరిశీలించిరి. శస్త్రచికిత్స పొందినవారిలో మరణములు తక్కువగా నున్నవని 2007లో ప్రకటించిరి. మధుమేహము, రక్తపుపోటు, మోకాళ్ల నొప్పి, నిద్రలో ఊపిరి ఆగుట మొదలగునవి పలువురికి తగ్గును. కావున నేను ఈ చికిత్సను నిందించుటకు రాలేదు. మేలు నిలుచుట పిమ్మటి పోషణపై నున్నదని చెప్పుటకే వచ్చితిని.

ఇక పోషణక్రమము. మొదటి దినములలో ద్రవములు, పిమ్మట మెత్తని ఆహారము, కొన్ని వారములు గడచిన తరువాత గట్టి ఆహారము. ఈ వరుసను వైద్యుడు వ్రాసియిచ్చును; దానిని దాటి తొందరపడరాదు. కొలది ముద్దలను నెమ్మదిగా, బాగుగా నమలి తినవలెను. చాలునని తోచిన క్షణముననే ఆపవలెను. భోజనము మధ్య నీరు త్రాగరాదు; తిన్న తరువాత అరగంట ఆగి, కొంచెము కొంచెముగా దినమంతయు త్రాగుచుండవలెను. మన భోజనమున అన్నము ముందు, పప్పు తోడు. ఈ రోగికి అది తలక్రిందు కావలెను. కండలు తరిగిపోకుండుటకు దినమునకు 60 గ్రాములకు తగ్గకుండ మాంసకృత్తులు అవసరము. ఒక కోడిగ్రుడ్డునందు సుమారు ఆఱు గ్రాములుండును. గ్రుడ్డు, చేప, పెరుగు, పెసరకట్టు, పప్పు మొదట తిని, చోటు మిగిలినచో అన్నము తినవలెను. చాలనిచో వైద్యుడు పొడి రూపమున ఇచ్చును.

మధుర పదార్థముల విషయమున ప్రత్యేక జాగ్రత్త కావలెను. చక్కెర, బెల్లము అధికముగా నున్న బూరెలు, పాయసము వంటివి, ముఖ్యముగా బైపాస్ అయినవారికి, చిన్న ప్రేగులోనికి ఒక్కుమ్మడిగా దిగి గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనములు కలిగించును. పెండ్లి పంక్తిలో “పండుగపూట ఒక్క బూరెకేమి” అని బలవంతపెట్టిన పెద్దమనిషి, అరగంటకు ఆ రోగి అరుగుమీద చెమటలు క్రమ్మి పడియుండుట చూచి నొచ్చుకొనును. ఉపవాసముల సంగతియు ఇట్టిదే. నీరు చాలక శరీరము ఎండిపోవు ప్రమాదమున్నది గావున, వైద్యుని అనుమతి లేక ఏకాదశి గాని, కార్తిక సోమవారము గాని ఇతనిచే చేయింపరాదు. రోగికి మినహాయింపు మన ఆచారమునందు ముందునుండియు కలదు.

తక్కువ తినువానికి సూక్ష్మ పోషకములు చాలవు. బైపాస్ అయినచో తిన్నదానిలోనివియు పూర్తిగా ఒంటబట్టవు. ఇనుము, కాల్షియము, డి విటమిను, బి1, బి12, ఫోలిక్ ఆమ్లము, వీనికి కొఱత రాకుండుటకు మాత్రలు లేక సూదిమందులు జీవితాంతము కావలెను. ఇచ్చట మన తెలుగువారు గర్వింపదగిన సంగతి యొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరుడు స్ప్రూ అను వ్యాధిచే మరణించెను. తిన్న ఆహారము ఒంటబట్టకపోవుటయే ఆ వ్యాధి లక్షణము. సుబ్బారావుగారు అమెరికాకు పోయి పరిశోధనలు సాగించిరి. ఆయన నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. నేడు ఈ రోగి మ్రింగు మాత్రలలో అదియు నొకటి. “బాగుగానే యున్నానుగదా, ఇంకను మాత్రలెందులకు” అని రెండవ యేట మానివేయువారు పెక్కండ్రు. కొఱత వెంటనే కనబడదు. నెలలు, ఏండ్లు గడచి రక్తహీనత, ఎముకల బలహీనత, కాళ్ల తిమ్మిరి రూపమున బయటపడును. బి12 కొఱతవలన నరములకు కలిగిన చెఱుపు ఒక్కొక్కప్పుడు తిరిగి బాగుపడదు. మూడవ నెల మొదలు కొన్నాళ్లు జుట్టు రాలుట మాత్రము సామాన్యము. పోషణ సరిగా నున్నచో అది మఱల వచ్చును.

పెద్దలు తప్పక గుర్తుంచుకొనవలసిన అపాయములు కొన్ని. శస్త్రమైన తొలి వారములలో జ్వరము, తీవ్రమైన కడుపునొప్పి, గుండెదడ, ఆయాసము, కాలివాపు, నల్లని విరేచనము, వీనిలో ఏది కనబడినను ఆలస్యము చేయక శస్త్రము చేసిన ఆసుపత్రికి తెలుపవలెను. వాంతులు దినములతరబడి నిలువకున్నచో బి1 విటమిను త్వరగా తఱిగిపోవును. అప్పుడు చూపు రెండుగా కనబడుట, నడకలో తూలుట, మాట తికమకపడుట సంభవించును. ఇది మెదడునకు అపాయము. ఇట్టి సమయమున మన ఊళ్లలో మొదట జరుగునది గ్లూకోజు సీసా ఎక్కించుట. బి1 ఇయ్యక గ్లూకోజు ఎక్కించినచో ఆ అపాయము హెచ్చగలదు. కావున చికిత్స చేయువానితో “ఇతనికి కడుపు శస్త్రచికిత్స జరిగినది, మొదట బి1 ఇయ్యవలెనట” అని చెప్పుడు. వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపుడు. శస్త్రము వివరములు గల కాగితమును రోగి ఎల్లప్పుడు దగ్గఱ నుంచుకొనవలెను.

మోకాళ్ల నొప్పికని అంగడిలో అడిగి తెచ్చు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు ఇతనికి, ముఖ్యముగా బైపాస్ అయినవానికి, కుట్టుచోట పుండు కలిగింపగలవు. పొగత్రాగుటయు అంతే. మధుమేహమునకు, రక్తపుపోటుకు వాడుచున్న మందుల మోతాదు శస్త్రము పిమ్మట మార్పవలసి యుండును. పాత మోతాదే వాడినచో చక్కెర మితిమీఱి పడిపోవచ్చును. సొంతముగా మానివేయుటయు తప్పే. వైద్యునడిగి మార్పవలెను.

ఇంతవఱకు శరీరము మాట. ఇక మనస్సు మాట చెప్పెదను; మనము తఱచు మఱచునది ఇదియే.

ఒక గృహమును ఊహింతము. ముప్పదియైదేండ్ల కుమారుడు శస్త్రము చేయించుకొని వచ్చినాడు. మొదటి యేడాది అంతయు ఉత్సాహమే. నెలనెలకు బరువు తగ్గుచున్నది, చొక్కాలు వదులగుచున్నవి, చూచినవారు మెచ్చుచున్నారు. రెండవ యేట తగ్గుట ఆగినది. పొట్టమీదను, భుజములక్రిందను చర్మము వ్రేలాడుచున్నది. లావు పోయినంతనే తీరుననుకొన్న అప్పు తీరలేదు. భార్యతో పొరపొచ్చము పోలేదు. మునుపు దిగులు కలిగినపుడు తిండి ఓదార్పుగా నుండెడిది. ఇప్పుడు ఆ ఓదార్పును లేదు. ఊరిలో ఒకడు “ఏమి రోగము పట్టి ఇట్లు చిక్కితివి” అని అడుగును. ఇంకొకడు “లక్షలు పోసి పొట్ట కోయించుకొన్నాడు, మఱల పెరుగుచున్నాడే” అని నవ్వును. తల్లి “నా చేతి వంట తినుటయే మానినాడు” అని కంట తడి పెట్టును. అందఱును ఇంటిలోనే యున్నారు; కాని ఆతడు ఒంటరియైనాడు.

ఈ ఒంటరితనమునకు రెండు ప్రమాదములు దగ్గఱగా నుండును. మొదటిది మద్యపానము. బైపాస్ అయిన శరీరమున మద్యము త్వరగా రక్తములో కలియును. మునుపు రెండు గ్లాసులకు చలింపనివాడు ఒక్క గ్లాసుకే తూలును. అమెరికాలో సుమారు రెండువేలమంది రోగులను పరిశీలించి 2012లో ప్రకటించిన లెక్క యిది. శస్త్రమునకు ముందటి యేట మద్యవ్యసన లక్షణములు నూటికి 7.6 మందిలో నుండగా, మొదటి యేట 7.3కు తగ్గి, రెండవ యేట 9.6కు పెరిగినవి. తిండి విడిచిన చోటును మద్యము ఆక్రమింపగలదని దీనివలన తెలియుచున్నది.

రెండవది నిరాశ. కెనడాలోని ఒంటారియోలో ఎనిమిదివేలకు పైగా రోగులను శస్త్రమునకు ముందు మూడేండ్లు, తరువాత మూడేండ్లు గమనించిరి. తమకు తాము హాని చేసికొని ఆసుపత్రికి వచ్చిన సందర్భములు శస్త్రము తరువాత సుమారు ఒకటిన్నర రెట్లైనవని 2016లో వెల్లడించిరి. అట్టివారు మొత్తముమీద నూటికి ఒకరికి కొంచెము మించి మాత్రమే. కావున భయపడవలదు, కాని ఏమఱవలదు. నిద్ర పట్టకుండుట, ఎవరితోను పలుకకుండుట, పనిమీద మనసు లేకుండుట, “నేనుండి యేమి లాభము” అనుట, ఇట్టి గుఱుతులను తేలికగా కొట్టివేయరాదు. ప్రక్కన కూర్చుండి “నీ మనసులో నేమున్నది నాయనా” అని అడుగుడు. అడిగినందున చెడు తలంపు పుట్టదు, భారము దిగును. ఇంటిలోని పురుగుమందులను తాళము వేసి యుంచుడు. మానసిక వైద్యుని వద్దకు తోడు పొండు. భారత ప్రభుత్వము 2022లో ఆరంభించిన టెలి మానస్ అను సేవ కలదు. 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో తెలుగులో మాటాడువారు లభింతురు. మనస్సుకు చికిత్స పొందుట వెఱ్ఱితనమునకు గుఱుతు కాదు. కుట్టు మానుటకు వైద్యుని చూచినట్లే ఇదియు.

ఆడువారి విషయమున మఱియొక సంగతి. బరువు తగ్గినపుడు గర్భము నిలుచు అవకాశము హెచ్చును. అయినను శస్త్రమైన పిమ్మట పండ్రెండు మొదలు పదునెనిమిది మాసములవఱకు గర్భము ధరింపరాదని వైద్యులు చెప్పుదురు. తల్లికిని శిశువునకును పోషకములు చాలవు. ఈ కాలమున “ఇంకను శుభవార్త లేదా” అని కోడలిని పొడుచుట అత్తమామలు మానవలెను. ఆమెకు కావలసినది గడువు, మీ అండయు.

కొంత బరువు మఱల పెరుగుట పలువురికి సహజము. అది శరీరధర్మము, దానికై నిందింపరాదు. నిందింపబడినవాడు సిగ్గుచే వైద్యునివద్దకు పోవుట మానును. మానినవానికే నష్టము హెచ్చు. మొదటి యేట మూడు, ఆఱు, పండ్రెండు మాసములకును, పిమ్మట ఏటేటను రక్తపరీక్షలతో వైద్యుని చూడవలెను. ఆ దినమున పొలము పని కొంచెము ఆగినను సరే, తోడుపోవు పెద్ద యొకడుండవలెను.

పెద్దలారా, మీలో పలువురు పంక్తిలో మొదట కూర్చుండువారు. మీ మాటకు ఇంటిలోను ఊరిలోను విలువ కలదు. ఈసారి మీ పంక్తిలో అట్టివాడు కూర్చుండి, నాలుగు ముద్దలు తిని చేయి నిలిపినపుడు, “వానికి చాలునట, బలవంతపెట్టకుడు” అని మీరే ముందుగా చెప్పుడు. మీరు చెప్పిన తరువాత మఱియెవరును కొసరరు. కాని అతడు చేయి నిలిపినంతనే పంక్తినుండి లేవనీయకుడు. మీ భోజనమగువఱకు ప్రక్కనే కూర్చుండనిచ్చి నాలుగు మాటలు చెప్పుడు. మన విస్తరిలో అన్నముతోపాటు ఎప్పుడును వడ్డించునది ఆదరము. అన్నము తగ్గింపవలసి వచ్చినపుడు ఆదరమును కొసరి వడ్డింపవచ్చును. దానికి వైద్యుని నిషేధము లేదు.

సెలవు.